ఎందుకు చేశావని అడగని చట్టం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రభుత్వ రహస్యాలను పత్రికలకు అందించిన ఉద్యోగుల మీద ప్రభుత్వాలు నడిపే కేసుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నిటిని ఈసారి తీసుకున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకచోట కలిపాము. చాలామంది అమెరికా కేసులనే ప్రస్తావించినందువల్ల జవాబులలో కూడా ఆ దేశానిదే పెద్ద వాటా అయింది.

ప్రశ్న: ప్రభుత్వం చేసిన తప్పును కాగితాలతో సహా బయటపెట్టిన ఉద్యోగినీ, డబ్బుకు ఆశపడి శత్రుదేశానికి రహస్యాలు అమ్ముకున్న గూఢచారినీ ఒకే చట్టం కింద విచారిస్తారని చదివాను. ఇది నిజమేనా? నిజమైతే ఇద్దరి మధ్య తేడాను ఎవరు పట్టించుకుంటారు?

జవాబు: అమెరికా విషయంలో నిజమే. అక్కడ ఇందుకు వాడే గూఢచర్య చట్టం, అంటే ఎస్పియనేజ్ యాక్ట్, 1917 జూన్ 15న వచ్చింది. ఆ దేశం మొదటి ప్రపంచయుద్ధంలో దిగి అప్పటికి రెండు నెలలు దాటింది. పత్రికా విలేకరికి సమాచారం ఇచ్చే ప్రభుత్వోద్యోగి ఆనాడు చట్టం రాసినవారి ఊహలో ఉన్నట్టు కనిపించదు. విదేశీ ప్రభుత్వానికి రహస్యాలు చేరవేసినవారికి అందులో వేరే సెక్షన్ ఉంది, దాని కింద మరణశిక్ష దాకా పడవచ్చు. పత్రికకు ఇచ్చినవారి మీద సాధారణంగా మోపేది 793వ సెక్షన్. దాని కింద ఒక్కో అభియోగానికి గరిష్ఠంగా పదేళ్ల ఖైదు. అందువల్ల చట్టం ఇద్దరినీ పూర్తిగా ఒకే గాటన కట్టిందని అనలేము. చిక్కంతా ముద్దాయి ఏ వాదన వినిపించవచ్చు అన్న దగ్గర వస్తుంది. దేశరక్షణకు సంబంధించిన పత్రాన్ని, దాన్ని పొందే అర్హత లేని వ్యక్తికి తెలిసి తెలిసి ఇచ్చాడని ప్రాసిక్యూషన్ నిరూపిస్తే దాదాపు సరిపోతుంది. దేశానికి హాని తలపెట్టాడని నిరూపించనక్కరలేదు. ఆ పత్రంలో ప్రభుత్వం చేసిన నేరమే బయటపడినా, అది ప్రజలకు తెలియడం వల్ల మేలే జరిగినా, ఆ సంగతి జ్యూరీ ముందు వాదనగా నిలబడదు.

దీన్ని మొదట అనుభవించినవారిలో డేనియల్ ఎల్స్‌బర్గ్ ఒకరు. వియత్నాం యుద్ధం గురించి అమెరికా అధ్యక్షులు ప్రజలకు చెప్పినదీ, లోపల వారికి తెలిసినదీ ఎంత వేరో చూపే సుమారు ఏడు వేల పుటల రహస్య అధ్యయనాన్ని, అంటే పెంటగాన్ పత్రాలను, ఆయన పత్రికలకు అందించారు. అన్ని అభియోగాలూ రుజువైతే ఆయనకు 115 ఏళ్ల దాకా శిక్ష పడి ఉండేది. 1973లో విచారణ జరుగుతుండగా, ఆ కాగితాలకు ఎందుకు నకళ్లు తీశారని ఆయన న్యాయవాదే ఆయనను బోనులో అడిగారు. ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పగా, ఆ ప్రశ్న కేసుకు సంబంధం లేనిదని న్యాయమూర్తి సమర్థించారు. తాను చేసిన పని ఎందుకు చేశాడో ముద్దాయి జ్యూరీకి చెప్పుకోకూడదనే కేసును ఇంతవరకు వినలేదని న్యాయవాది అంటే, ఇప్పుడు వింటున్నారుగా అని న్యాయమూర్తి బదులిచ్చారట. ఎల్స్‌బర్గ్ ఈ సంగతిని తరువాత చాలాసార్లు చెప్పుకున్నారు. యాభై ఏళ్లు గడిచినా ఆ జవాబు మారలేదు. ఇద్దరి మధ్య తేడాను ఎవరు పట్టించుకుంటారని మీరు అడిగారు. దోషి అని తేలాక శిక్ష ఖరారు చేసే దశలో న్యాయమూర్తి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. తీసుకోకపోయినా అడిగే నాథుడు లేడు.

ప్రశ్న: ఎల్స్‌బర్గ్ చివరికి నిర్దోషిగా బయటపడ్డారు కదా? పైగా సుప్రీంకోర్టు కూడా పత్రికల వైపే తీర్పు ఇచ్చింది. అలాంటప్పుడు ఆయన చేసిన పని న్యాయమైనదేనని కోర్టులు ఒప్పుకున్నట్టే కదా?

జవాబు: ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అవి రెండు వేర్వేరు వ్యవహారాలు, రెంటిలోనూ మీరు అనుకున్న సంగతి తేలలేదు.

మొదటిది పత్రికల కేసు. న్యూయార్క్ టైమ్స్ 1971 జూన్ 13న ఆ పత్రాలను వేయడం మొదలుపెట్టింది. ప్రచురణ ఆపించాలని ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. జూన్ 30న సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా పత్రికలకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అచ్చు కాకముందే ఆపించడానికి ప్రభుత్వం చూపిన కారణాలు చాలవు అన్నదే ఆ తీర్పు సారం. అచ్చయ్యాక కేసు పెట్టవచ్చా, ఇచ్చినవారిని శిక్షించవచ్చా అన్నవి ఆ కేసులో తేల్చవలసిన అంశాలు కావు. పెట్టవచ్చునని కొందరు న్యాయమూర్తులు సూచనగా కూడా రాశారు.

రెండవది ఎల్స్‌బర్గ్ మీది క్రిమినల్ కేసు. దాన్ని 1973 మే 11న న్యాయమూర్తి కొట్టివేశారు. ఆయన మనోవైద్యుడి దవాఖానాలోకి శ్వేతసౌధం మనుషులు 1971 సెప్టెంబరులో దొంగతనంగా చొరబడి ఫైళ్లు వెతికారని, ఆయన మాటలను టెలిఫోన్ నిఘాలో విన్నారని, ఆ నిఘా రికార్డులు కనిపించడం లేదని విచారణ మధ్యలో బయటపడింది. కేసు నడుస్తున్న రోజుల్లోనే న్యాయమూర్తికి ఎఫ్‌బీఐ డైరెక్టర్ పదవి ఆశ చూపిన సంగతి కూడా తెలిసింది. ఇంత అక్రమం తరువాత న్యాయమైన విచారణ సాధ్యం కాదని కేసు మూసివేశారు. జ్యూరీ తీర్పు చెప్పే దాకా రానే లేదు. ప్రభుత్వం చేతులు శుభ్రంగా ఉండి ఉంటే ఎల్స్‌బర్గ్ బతుకు జైలులో తెల్లవారేదని అనుకోవడానికి కావలసినంత ఆధారం ఉంది.

ఆయన పనితీరు గురించి కూడా ఒక ఉత్తరంలో అడిగారు. 1969 అక్టోబరు నుంచి రాత్రిపూట ఒక స్నేహితురాలి ప్రకటనల కంపెనీలో ఉన్న జిరాక్స్ యంత్రం మీద ఒక్కొక్క పుట చొప్పున నకలు తీశారు. ఒక రాత్రి పదమూడేళ్ల కొడుకు యంత్రం దగ్గర నిలబడగా, పదేళ్ల కూతురు కత్తెర పట్టుకుని పుటల పైనా కిందా ఉన్న ‘అత్యంత రహస్యం’ ముద్రలను కత్తిరించింది. పిల్లలను ఇందులోకి దింపడం సబబేనా అన్నది వేరే చర్చ. తాను జైలుకు వెళ్లడం ఖాయమనుకున్న తండ్రి, ఆ పని పిచ్చితో చేసినది కాదని వారు కళ్లారా చూడాలని అనుకున్నాడు.

ప్రశ్న: అయ్యా, ఎంత అన్యాయం జరిగినా ప్రతి కార్యాలయంలోనూ పై అధికారి, ఆపైన తనిఖీ అధికారి ఉంటారు కదా. వారికి చెప్పుకోకుండా నేరుగా పత్రికకు ఎక్కినవారిని వెనకేసుకు రావడం సరికాదని నా అభిప్రాయం. నేను ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ సర్వీసులో పనిచేసినవాడిని.

జవాబు: మీ అభిప్రాయంలో సగం మాకూ సమ్మతమే. ముందు లోపలి దారి తొక్కడం ఉద్యోగి బాధ్యత. అయితే ఆ దారి తొక్కినవారికి ఏమైందో చూడకుండా ఈ మాట పూర్తి కాదు. థామస్ డ్రేక్ కేసు ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

డ్రేక్ అమెరికా జాతీయ భద్రతా సంస్థ, అంటే ఎన్‌ఎస్‌ఏలో ఉన్నతాధికారి. ట్రెయిల్‌బ్లేజర్ అనే సమాచార విశ్లేషణ పథకం మీద డబ్బు నీళ్లలా ఖర్చవుతున్నదని, అంతకన్నా చవకైనదీ పౌరుల ఏకాంతానికి రక్షణ ఉన్నదీ అయిన లోపలి పథకాన్ని తోసిపుచ్చారని ఆయనకు అనిపించింది. పై అధికారులకు చెప్పారు. అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, నిఘా కమిటీలకు చెప్పారు. సంస్థ మాజీ ఉద్యోగులు కొందరు 2002లో రక్షణశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు, అంటే తనిఖీ అధికారికి, ఫిర్యాదు చేసినప్పుడు, లోపలి నుంచి వివరాలిచ్చి దర్యాప్తుకు సహకరించారు. అంటే మీరు చెప్పిన మెట్లన్నీ ఎక్కారు. ఆ పథకం వంద కోట్ల డాలర్లకు పైగా మింగి 2006లో మూతపడింది. ఈలోగా ఆయన ఒక పత్రికా విలేకరితో మాట్లాడారు. రహస్య ముద్ర లేని సంగతులే చెప్పానని ఆయన వాదన. 2007 నవంబరులో ఎఫ్‌బీఐ ఆయన ఇల్లు సోదా చేసింది. 2010లో పది అభియోగాలు మోపారు, వాటిలో అయిదు గూఢచర్య చట్టం కింద. మొత్తం 35 ఏళ్ల దాకా శిక్ష పడే అవకాశం.

ఆ అయిదు అభియోగాలూ అయిదు పత్రాల గురించినవి. ఆ పత్రాల సంగతి దగ్గరగా చూస్తే ఈ చట్టం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. విలేకరికి ఇచ్చాడన్నది వాటిలో అభియోగం కాదు, ఇంట్లో ఉంచుకున్నాడన్నది. వాటిలో ఒకటి, ఒక పథకం విజయవంతమైందని ఉద్యోగులను అభినందిస్తూ లోపల తిప్పిన సందేశం. అభియోగాలు మోపిన కొద్ది నెలలకే ప్రభుత్వం దాని మీది రహస్య ముద్రను తానే తీసేసింది. మరొకటి సంస్థ అంతర్గత నెట్‌వర్క్‌లో ‘రహస్యం కాదు’ అన్న ముద్రతోనే పెట్టిన పత్రం. 2011 జూన్‌లో, విచారణ మొదలయ్యే ముందు, కేసు కుప్పకూలింది. కంప్యూటర్‌ను అనుమతికి మించి వాడానన్న చిన్న నేరం ఒక్కటే ఆయన ఒప్పుకున్నారు. ఏడాది ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచడం, దానితోపాటు 240 గంటల సమాజసేవ పడింది. ఇల్లు సోదా చేసి రెండున్నరేళ్లపాటు మనిషిని త్రిశంకు స్వర్గంలో వేలాడదీసినందుకు న్యాయమూర్తి ప్రభుత్వాన్ని గట్టిగా మందలించారు. అప్పటికే ఉద్యోగం పోయింది, పెన్షన్ పోయింది, కేసు ఖర్చులకు ఉన్నదంతా కరిగింది. నిఘా సంస్థలో ఉన్నతాధికారిగా వెలిగిన మనిషి ఆపిల్ కంపెనీ దుకాణంలో గంటల లెక్కన పనిచేశారు. ఫిర్యాదులో పాలుపంచుకున్నవారి వివరాలు ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం నుంచే న్యాయశాఖకు చేరాయని ఆ కార్యాలయపు సీనియర్ అధికారి ఒకరు తరువాత ఆరోపించారు.

ఎన్‌ఎస్‌ఏ రహస్య నిఘాను 2013లో పత్రికల ద్వారా బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఈ కేసును చూసే నేర్చుకున్నానని చెబుతారు. ఆయన పరిస్థితి ఇంకా ఇరుకు: నేరుగా ప్రభుత్వోద్యోగి కాదు, ఒక కాంట్రాక్టు కంపెనీ మనిషి. నిఘా సంస్థల ఉద్యోగుల కోసం 1998లో వచ్చిన చట్టం పేరులో రక్షణ అన్న మాట ఉన్నా, ఫిర్యాదు ఏ దారిన వెళ్లాలో చెప్పిందే గాని ప్రతీకారం నుంచి కాపాడే నిబంధన అందులో లేదు. కాంట్రాక్టు మనుషులకు చట్టపరమైన రక్షణ 2018లో గాని రాలేదు. మరొక మాట. లక్షలాది అమెరికన్ల సమాచారాన్ని సేకరిస్తున్నారా అని 2013 మార్చి 12న సెనేట్ కమిటీలో అడిగితే, నిఘా విభాగాల అధిపతి జేమ్స్ క్లాపర్ లేదని చెప్పారు. మూడు నెలలకే అది అబద్ధమని లోకానికి తెలిసింది. ఆయన తరువాత పొరపాటు జరిగిందని ఉత్తరం రాశారు, కేసు లేదు. కమిటీకే నిజం చెప్పని చోట, కమిటీకి చెప్పుకోమని కింది ఉద్యోగికి సలహా ఇవ్వడం తేలికైన పని కాదు. అప్పుడు బయటపడిన ఫోన్ రికార్డుల మూకుమ్మడి సేకరణ చట్టం అనుమతించిన హద్దు దాటిందని 2015 మేలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. స్నోడెన్ మీది కేసు మాత్రం అలాగే ఉంది.

ప్రశ్న: పెద్ద పదవిలో ఉన్నవారు రహస్యాలు బయటపెడితే ఇదే శిక్ష పడుతుందా?

జవాబు: రెండు కేసులు పక్కపక్కన పెడతాము, మీరే చూడండి. సైన్యంలో జనరల్‌గా, తరువాత సీఐఏ డైరెక్టర్‌గా పనిచేసిన డేవిడ్ పెట్రేయస్ తన జీవితచరిత్ర రాస్తున్న మహిళకు ఎనిమిది నోటుపుస్తకాలు ఇచ్చారు. వాటిలో రహస్య అధికారుల గుర్తింపులు, యుద్ధ వ్యూహాలు ఉన్నాయి. ఎఫ్‌బీఐకి ఆయన అబద్ధం చెప్పినట్టు ఒప్పందపత్రంలోనే ఉంది. 2015లో చిన్న నేరం ఒకటి ఒప్పుకున్నారు; రెండేళ్ల ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా. రెండో కేసు రియాలిటీ విన్నర్ అనే ఆమెది. కాంట్రాక్టు ఉద్యోగిని, వయసు 25. ఎన్నికల వ్యవస్థల మీద రష్యా సైబర్ దాడుల గురించిన అయిదు పుటల నివేదిక ఒక్కటి 2017లో ఒక వార్తాసంస్థకు పోస్టు చేశారు. వార్తాసంస్థ నిర్ధారణ కోసం చూపించిన నకలులో మడత గీత కనిపించింది. అంటే ఎవరో అచ్చు తీసి మడిచి బయటికి తెచ్చారు. అచ్చు తీసినవారు ఆరుగురే కావడంతో ఆమె దొరికిపోయారు. బెయిల్ ఇవ్వలేదు. శిక్ష అయిదేళ్ల మూడు నెలలు.

ప్రశ్న: తీర్పు రాకముందే, నిర్బంధంలో ఉన్నప్పుడు, వీరితో ప్రభుత్వాలు ఎలా వ్యవహరిస్తాయి?

జవాబు: చాలా సందర్భాలలో అసలు శిక్ష అక్కడే మొదలవుతుంది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల పత్రాలను, రెండున్నర లక్షల దౌత్య సందేశాలను, రహస్య పత్రాలను ప్రచురించే వికీలీక్స్ అనే వెబ్‌సైటుకు ఇచ్చిన సైనిక విశ్లేషకురాలు చెల్సియా మానింగ్‌ను 2010 మేలో నిర్బంధించారు. క్వాంటికో సైనిక జైలులో నెలల తరబడి రోజుకు ఇరవై మూడు గంటలు ఒంటరి గదిలో ఉంచారు. ఆత్మహత్య చేసుకుంటుందేమోనన్న సాకుతో కొంతకాలం రాత్రిపూట ఒంటిమీది బట్టలు కూడా తీసేయించారు. చిత్రహింసలపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి దీన్ని క్రూరమైన, అమానుషమైన వ్యవహారంగా పేర్కొన్నారు. విచారణకు ముందు పెట్టిన ఈ నిర్బంధం చట్టవిరుద్ధమైనదని సైనిక న్యాయమూర్తే ఒప్పుకుని, శిక్షలో 112 రోజులు తగ్గించారు. శిక్ష ఎంతో తెలుసా? 35 ఏళ్లు. శత్రువుకు సాయపడిందన్న ప్రధాన అభియోగం మాత్రం వీగిపోయింది. అధ్యక్షుడు ఒబామా 2017 జనవరిలో శిక్షను తగ్గించడంతో మేలో విడుదలయ్యారు. అది క్షమాభిక్ష కాదు. నేర నిర్ధారణ అలాగే ఉంది.

ఇజ్రాయెల్ అణు కేంద్రంలో టెక్నీషియన్‌గా చేసిన మొర్దెఖాయ్ వనును కథ ఇంకా కఠినం. డిమోనా అనే ఆ కేంద్రం రహస్యాలను 1986లో లండన్ పత్రికకు చెప్పగా, ఆ కథనం అచ్చు కాకముందే ఆయనను రోముకు రప్పించి, మత్తుమందిచ్చి, అపహరించి స్వదేశానికి తరలించారు. పద్దెనిమిదేళ్ల శిక్షలో పదకొండేళ్లకు పైగా ఏకాంత ఖైదే. 2004లో విడుదలయ్యాక కూడా దేశం విడిచి వెళ్లకూడదని, విదేశీయులతో మాట్లాడకూడదని ఆంక్షలు పెట్టారు. శిక్ష పూర్తిచేసినవాడికి ఇంకా శిక్ష ఏమిటని అడిగితే, ఆయన దగ్గర ఇంకా రహస్యాలున్నాయన్నదే ప్రభుత్వపు జవాబు.

ప్రశ్న: రహస్యాలు బయటపెట్టిన ప్రతివాడూ సత్యహరిశ్చంద్రుడేనా? కొందరు గొప్పల కోసం, కొందరు కక్షతో చేస్తారు. వారినీ మన్నించాలా?

జవాబు: అక్కరలేదు. అమెరికా వైమానిక జాతీయ దళంలో పనిచేసిన జాక్ టెషీరా ఉక్రెయిన్ యుద్ధ రహస్యాలను ఆన్‌లైన్ స్నేహితుల గుంపులో పెట్టారు. అందులో ప్రభుత్వ తప్పును చూపాలన్న ప్రయత్నం ఏదీ లేదు. 2024 నవంబరులో 15 ఏళ్ల శిక్ష పడింది. అతడిని ప్రజావేగు, అంటే ప్రజల మేలు కోరి తప్పును బయటపెట్టినవాడు, అనడానికి మాకు నోరు రాదు. మానింగ్ ఇచ్చిన సందేశాల రాశిలో కూడా ప్రజలకు అవసరం లేనివి, ఎవరికో ముప్పు తేగలిగినవి ఉన్నాయన్న విమర్శను కొట్టిపారేయలేము.

ఉద్దేశాలు కలగాపులగంగా ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియా సైనిక న్యాయవాది డేవిడ్ మెక్‌బ్రైడ్ ఇచ్చిన పత్రాల ఆధారంగా, అఫ్ఘానిస్థాన్‌లో ఆ దేశ సైనికులు నిరాయుధులను చంపిన సంగతులు 2017లో ప్రసారమయ్యాయి. ఆయన బాధ మాత్రం వేరు; సైనికుల మీద అతిగా దర్యాప్తులు జరుగుతున్నాయని ఆయన అనుకున్నారు. ప్రజలకు మేలు జరిగింది, అది ఆయన ఉద్దేశించిన మేలు కాదు. విధి నిర్వహణలోనే ఇచ్చానన్న వాదనకు కోర్టు చోటివ్వకపోవడంతో నేరం ఒప్పుకున్నారు. 2024 మేలో అయిదేళ్ల ఎనిమిది నెలల శిక్ష పడింది. మా ఉద్దేశంలో ఇలాంటి కేసులలోనే కోర్టు అన్నిటినీ తూచాలి: బయటపడిన తప్పు ఎంత పెద్దది, జరిగిన నష్టం ఎంత, అవసరమైనంతే ఇచ్చాడా లేక దొరికినదంతా గుమ్మరించాడా, లోపల చెప్పుకునే దారి నిజంగా ఉందా. కక్షతో చేసినవాడు ఆ తూకంలో నిలవడు. తూకమే వద్దంటే తప్పుచేసినవాడికీ, తప్పును చూపినవాడికీ ఒకటే న్యాయం అవుతుంది.

ప్రశ్న: ఇతర దేశాల చట్టాలలో ఆ తూకానికి చోటుందా?

జవాబు: కొన్నిటిలో కొంత. బ్రిటన్‌లో ఉండేది, తీసేశారు. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బెల్‌గ్రానో అనే అర్జెంటీనా నౌకను ముంచిన తీరు గురించి మంత్రులు పార్లమెంటును తప్పుదారి పట్టిస్తున్నారని రక్షణశాఖ అధికారి క్లైవ్ పాంటింగ్ ఒక ఎంపీకి పత్రాలు పంపారు. రాజ్య ప్రయోజనం అంటే అప్పటి ప్రభుత్వం చెప్పినదేనని న్యాయమూర్తి జ్యూరీకి స్పష్టంగా చెప్పినా, 1985 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయనను నిర్దోషిగా వదిలేసింది. మరి నాలుగేళ్లకు, 1989లో వచ్చిన కొత్త అధికార రహస్యాల చట్టంలో ప్రజాప్రయోజనం అన్న వాదనకు చోటు లేకుండా చేశారు. అయినా 2004 ఫిబ్రవరిలో, ఇరాక్ యుద్ధానికి ముందు ఐక్యరాజ్యసమితి ప్రతినిధుల మీద నిఘా పెట్టాలన్న సందేశాన్ని బయటపెట్టిన క్యాథరిన్ గన్ కేసును ప్రభుత్వమే వదులుకుంది. యుద్ధం చట్టబద్ధమేనా అన్న విషయంపై అటార్నీ జనరల్ ఇచ్చిన సలహాను చూపించమని ఆమె న్యాయవాదులు అప్పటికే అడిగి ఉన్నారు.

కెనడా 2001లో తెచ్చిన చట్టంలో ప్రజాప్రయోజనం ఒక వాదనగా రాసి ఉంది. మొదట శాఖాధిపతికో న్యాయశాఖకో, తరువాత సమీక్షా సంస్థకో చెప్పి, తగిన సమయంలో స్పందన రాకపోతేనే అది పనికొస్తుంది. మెట్లు ఎక్కువే గాని తలుపు ఉంది. భారతదేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టమే ఇంకా నడుస్తోంది, అందులో ఇలాంటి వాదన లేదు. 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం ఆమోదం పొందినా ఏళ్ల తరబడి అమలులోకి తేలేదు. అయితే ప్రజాప్రయోజనం ఎక్కువైనప్పుడు రహస్యాల చట్టం ఉన్నా సమాచారం ఇవ్వవచ్చునని సమాచార హక్కు చట్టం 8(2) చెబుతుంది. రఫేల్ విమానాల కేసులో పత్రికలో వచ్చిన రహస్య పత్రాలను పరిశీలించకూడదన్న ప్రభుత్వ అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 10న తోసిపుచ్చింది. అక్కడ కూడా తేలింది పత్రాల సంగతే. వాటిని ఇచ్చిన మనిషి రక్షణ సంగతి కాదు.

ప్రశ్న: ఉద్యోగి సరే, అచ్చువేసిన పాత్రికేయుడి మీద గూఢచర్య చట్టం ప్రయోగించవచ్చా?

జవాబు: చట్టం మాటలను బట్టి చూస్తే అడ్డు లేదు. అయితే అమెరికా ప్రభుత్వాలు చాలాకాలం ఆ గీత దాటలేదు. వికీలీక్స్ వ్యవస్థాపకుడు జూలియన్ అసాంజ్ మీద 2019లో మోపిన 18 అభియోగాలలో 17 ఈ చట్టం కిందివే. వాటిలో కొన్ని పత్రాలను ప్రచురించినందుకే పెట్టినవి. లండన్ జైలులో అయిదేళ్లు గడిపాక, 2024 జూన్‌లో సైపాన్ దీవిలోని అమెరికా కోర్టులో ఆయన ఒక అభియోగాన్ని ఒప్పుకున్నారు. అప్పటికి గడిపిన 62 నెలలనే శిక్షగా లెక్కగట్టి అదేరోజు వదిలేశారు. ఒప్పందంతో ముగిసినందువల్ల, ప్రచురణను నేరంగా చూడవచ్చా అన్న విషయంపై పై కోర్టు తీర్పు ఏదీ రాలేదు. మరొక ప్రభుత్వం మరొక సంపాదకుడి మీద అదే అభియోగం మోపాలనుకుంటే, దిగువ కోర్టులో ముద్దాయి స్వయంగా నేరం ఒప్పుకున్న కేసు ఒకటి ప్రాసిక్యూటర్ చేతిలో ఉంది, దాన్ని కాదన్న తీర్పు మాత్రం సంపాదకుడి చేతిలో లేదు.